జగ్గమ్మ గేదె మూతి

ఇన్సూరెన్సు చేయించడంలో ధనరాజ్‌కు ఇరవయ్యేళ్ల అనుభవం. ఆ అనుభవమే అతని కొంప ముంచింది.

నెల్లిమర్ల చుట్టుపక్కల పాడిగేదెలకు పాలసీలు రాసేది అతనే. ఒకప్పుడైతే గేదె చెవికి పోగు గుచ్చి, కాగితం నింపి, ఆ ఇంట్లోనే భోంచేసి వచ్చేవాడు. ఇప్పుడు హైదరాబాదులో ఎవరో కుర్రాళ్ళు కంపెనీ పెట్టి ఒక యాప్ తెచ్చారు. చెవిపోగు అక్కర్లేదట. గేదె మూతి మీది గీతలు మన వేలిముద్రల్లాంటివట, ఫొటో తీస్తే చాలట. గేదె చచ్చిపోతే మళ్ళీ మూతి ఫొటో పంపాలి. రెండూ కలిస్తే డబ్బు బ్యాంకులో పడుతుంది. వాళ్ళు ఇదంతా చెబుతుంటే ధనరాజ్ ఆవులిస్తూ కూర్చున్నాడు. గేదెల సంగతి ఈ కుర్రకుంకలా తనకు చెప్పేది!

రామతీర్థం దారిలో జగ్గమ్మ ఉంది. మొగుడు పోయాడు. ఒక్క గేదె పాలు కేంద్రానికి పోసి బతుకుతోంది. ఆ గేదె రాక్షసి. ఫోను చూడగానే తల విదిల్చి ధనరాజ్‌ను పేడకుప్పలో కూలేసింది. కొత్త ప్యాంటు కూడాను. ఇంటికొచ్చి స్నానం చేస్తుండగా మహానుభావుడికి ఉపాయం తట్టింది. భార్య యమున పెంచుకునే గేదె వట్టి సాధువు. దాని మూతి ఫొటో తీసి జగ్గమ్మ పేరున ఎక్కించేశాడు. ఎవడు చూడొచ్చాడులే అనుకుని, ఆ సంగతే మరిచిపోయాడు.

వానల్లో పాము కరిచి జగ్గమ్మ గేదె చచ్చిపోయింది. ధనరాజ్ వెళ్ళి, ఈసారి అది కదలదు గనక, చక్కగా ఫొటో తీసి పంపాడు. ఇది బీమా చేసిన గేదె కాదని వెంటనే జవాబొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది అయ్యగారికి. సర్వర్ పాడైందని నోటికొచ్చిన అబద్ధం ఆడాడు.

జగ్గమ్మ నమ్మింది. "ఆ యాపులూ గీపులూ నాకేటి తెలుసు బాబూ. నువ్వున్నావనే కట్టినాను" అంది.

తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చి అన్నం సయించక యమునకు అంతా చెప్పేశాడు.

"అయితే కంపెనీ లెక్కలో జగ్గమ్మప్ప గేదె బతికే ఉన్నాదేటి?" అంది.

"ఉన్నాది."

"ఎక్కడున్నాది?"

ధనరాజ్ పశువులపాక వైపు చూశాడు. యమున వెళ్ళి గేదె మెడ నిమిరి, కళ్ళు తుడుచుకుని, పలుపు విప్పి అతని చేతికిచ్చింది. "తోలుకెల్లు. కాదంటే నానే తోలుకెల్తాను" అంది.

ఊరంతా చూస్తుండగా గేదెను తోలుకెళ్ళి, జగ్గమ్మ ముందు తల దించుకుని జరిగిందంతా చెప్పాడు. ఆమె గేదెను చూసింది, అతన్ని చూసింది. ఆ మాయదారి ఇన్సూరెన్సేదో ఈసారి తన కళ్ళ ముందే చెయ్యమంది.

ఫోను తీయగానే గేదె తనంతట తానే మూతి ముందుకు పెట్టింది. యాప్ కాసేపు తిరిగి తిరిగి, తెరమీద రాసింది: ఈ గేదె ఇదివరకే నమోదైంది. యజమాని జగ్గమ్మ.

ధనరాజ్ తప్పు రాసినా ఒప్పైపోయిన పాలసీ అదొక్కటే.

ఇప్పుడు వాళ్ళింట్లో పాలు జగ్గమ్మ దగ్గరే కొంటున్నారు. గేదెను చూసుకోవచ్చని యమునే వెళ్ళి తెస్తుంది. మొగుడికి మాత్రం ఇప్పటికీ ఉత్త డికాషనే పోస్తోంది.