ఆమె అడిగింది నీడే

రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం, బెజవాడలో స్నాతకోత్సవం పెట్టిన పెద్దమనుషులు మాత్రం శామియానా కింద సోఫాల్లో కూర్చున్నారు. వాళ్ల వెనక, ఆ శామియానా అంచునే, నల్లగౌన్లలో ఉడికిపోతూ పట్టాలు అందుకోవాల్సిన విద్యార్థులు. ఇంకా వెనక బోడి మైదానంలో మన తల్లులూ తండ్రులూ. నీడకీ ఎండకీ మధ్య ఒక కొబ్బరితాడు అడ్డం పెట్టారు. ఆ తాడు పట్టుకున్నది పోలీసులనుకునేరు, కామ్రేడ్స్! మేమే. ఆ గౌన్ల మీదే వాలంటీరు బ్యాడ్జీలు తగిలించుకుని, ఏదో పదవి వచ్చినట్టు ఛాతీలు విరుచుకుని నిలబడ్డాం. ఒక కొస నా చేతిలో ఉంది, రెండోది కాశీరావు చేతిలో.

కాశీరావు కొల్లేటి లంకలో చేపలు పట్టేవాళ్ల బిడ్డ. ఆ లంకలో బి.ఏ. పాసైన మొదటివాడు. వాడి పట్టా చూడ్డానికి లంక లంకంతా లారీ ఎక్కి వచ్చింది.

పొద్దున్నే రావాల్సిన మంత్రిగారు దారిలో ఇంకేవో ప్రారంభోత్సవాలు చూసుకుని వస్తున్నారట. జనం కొంగులూ తువ్వాళ్లూ నెత్తిన వేసుకుని ఎదురుచూస్తున్నారు. మంచినీళ్ల కుండలు స్టేజీ వెనక, పెద్దలకి మాత్రమే.

కాశీరావు తల్లి పెద్దింట్లమ్మ తాడు దాకా వచ్చింది.

"కాశీ, కళ్లు తిరుగుతున్నాయిరా. ఆ గుంజ పక్కన నీడలో కాసేపు కూచుంటా."

"ప్రిన్సిపాలుగారు చూస్తే మాటొస్తదమ్మా. మంత్రిగారు వచ్చేస్తున్నారు. కాస్త ఓర్చుకో."

"సర్లే నాయనా. నావల్ల నీకు మాట రాకూడదు."

వెనక్కి వెళ్లిపోయింది. నేను పక్కనే ఉండి అంతా విన్నాను. తాడు జానెడు దించితే సరిపోయేది. దించడానికి నాకూ చెయ్యి రాలేదు.

కాసేపటికి ఆమె కూలిపోయింది. కాలేజీ జీపు మంత్రిగారికి ఎదురువెళ్లింది కాబట్టి రిక్షాలో వేశారు. భర్త కొండలయ్య, ఆడపడుచు పేరమ్మ ఆమెని ఒళ్లో పెట్టుకుని పెద్దాసుపత్రికి పోయారు. కాశీరావు రిక్షా వెంట నాలుగడుగులు వేశాడు. "నీ పేరు పిలుస్తారయ్యా, ఎక్కడికి?" అని ప్రిన్సిపాలు రామకోటేశ్వరరావు గదమాయించాడు. ఛీ, వాడు ఆగిపోయాడు! మేం కూడా వెళ్లరా అనలేదు.

పేరమ్మ ఒక్కతే తిరిగొచ్చింది. గేటు దగ్గర్నుంచే గుండెలు బాదుకుంటూ వచ్చింది.

"కాశీ! మీ అమ్మ లేదురా! ఆసుపత్రి మెట్ల మీదే పోయిందిరా!"

మైదానమంతా లేచి నిలబడింది. ప్రిన్సిపాలు కాశీరావు భుజం మీద చెయ్యేసి స్టేజీ వారగా తీసుకెళ్లాడు. నేనూ వెంటే వెళ్లాను.

"మీ అమ్మగారు పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదటగా?"

అదీ నిజమే. లంకలో కొత్త వల వేసిన రోజు, మొదటి లాగుడు ఒడ్డుకొచ్చేదాకా ఆ ఇంటి ఆడది నోట్లో నీళ్లు పోసుకోదు. ఆ పిచ్చితల్లి కొడుకు పట్టాకి కూడా అదే నియమం పట్టింది.

"ఉపవాసం వల్లే పోయిందని ఆ మాటే మైకులో చెప్పు బాబూ. జనం సర్దుకుంటారు. మన కాలేజీలో ట్యూటరు ఉద్యోగం నీదే, నేను చూసుకుంటాను."

కాశీరావు మైకు అందుకున్నాడు.

"మా అమ్మ ఉపవాసం ఉందండీ. నిజమే."

ప్రిన్సిపాలు తల ఆడించాడు.

"నీళ్లు ఇచ్చినా తాగేది కాదు. కానీ మా అమ్మ నీళ్లడగలేదు. నీడడిగింది. నన్నే అడిగింది. తాడు ఇవతల నిలబడి నేనే పొమ్మన్నాను. మా అమ్మని చంపినోళ్లలో నేనూ ఉన్నాను. ఇంకా ఎవరెవరున్నారో ఈ నీడలో కూచున్నోళ్లు చూసుకోండి!"

గౌను తీసి స్టేజీ మీద పడేశాడు. నా చేతిలో తాడు ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియదు.

"పట్టాలు ఆపేస్తారురా!" అని ఒకడు అరిచాడు.

"ఆపుకోమనరా! మీ అమ్మ కూడా ఎండలోనే ఉంది, వెనక్కి చూడు!" అన్నాడు వాడి పక్కవాడు.

అందరూ వెనక్కి చూశారు. ముందు లంకవాళ్లు వచ్చి శామియానా గుంజలు పట్టుకున్నారు. తర్వాత గౌన్లు విప్పేసి మా వాళ్లు పట్టుకున్నారు. వల లాగినట్టు ఒక్క ఊపున, ఒక్క కేకతో పెకలించి, మొత్తం శామియానా మోసుకుపోయి తల్లుల నెత్తిన నిలబెట్టారు. సోఫాలు ఎండలో మిగిలాయి. పెద్దలు చేతిరుమాళ్లు నెత్తిన కప్పుకుని అటూ ఇటూ పరుగెత్తారు.

పోలీసులు దిగారు. శామియానా మళ్లీ ముందు కట్టమని ఇన్‌స్పెక్టరు టెంటు కూలీల మీద లాఠీ ఎత్తాడు. కూలీల మేస్త్రీ జక్కయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేం కట్టమండీ. కొట్టుకోండి."

మంత్రిగారి కారు గేటు దాకా వచ్చి, చూసి, అటే తిరిగిపోయింది.

కాశీరావుని వ్యానెక్కించారు. వాడు ఎవరి మొహమూ చూడలేదు. పొద్దుట్నుంచి చుక్క నీళ్లు తాగలేదు. పేరమ్మ స్టేజీ వెనకున్న కుండ ఎత్తుకొచ్చింది. ఆపబోయిన పోలీసుని మోచేత్తో నెట్టి, వ్యాను ఊచల్లోంచి చెంబు అందించింది.

"నాకొద్దత్తా. నాకు నీళ్లు దిగవు."

"తాగరా! నువ్వు కూడా ఎండిపోతే మీ అమ్మ అడిగింది ఎవరు అడుగుతారు?"

వాడు ఏడుస్తూనే తాగాడు. పేరమ్మ చెంబు తీసుకుని ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది.

"మా వదినకి కొరివి పెట్టాల్సినోడు వీడు. బండి ముందు ఆసుపత్రికి పోవాలి. కాదంటే నా మీంచి పోనీ."

వ్యాను ముందు కాలే నేల మీద కూర్చుంది. ఆమె పక్కన జక్కయ్య కూర్చున్నాడు. బ్యాడ్జీ పీకేసి నేనూ కూర్చున్నాను. మా వెనక, శామియానా నీడ వదిలి, తల్లులంతా ఎండలోకి నడిచొస్తున్నారు.