శైలిక అంటే బిడ్డ పేరు కాదు

"శుక్రవారం కోనలో వరపడాల, మర్చిపోబాక మే," అంది మాలకొండమ్మ, అంట్లు తోముతున్న కోడలి వెనక నిలబడి.

సుప్రియ చేతిలో పులుసు దబర ఆగింది. మర్చిపోవడానికి అదేమన్నా సంతబేరమా? వరపడడమంటే, పిల్లల్లేని ఆడవాళ్ళు తడిచీరతో కోన గుడి ముందర బోర్లా పడుకోవాలి, కలలో పండో పువ్వో కనబడేదాకా లేవకూడదు. ఇప్పటికి రెండుసార్లు పడుకుంది. కల రాలేదు గానీ జ్వరం మాత్రం వచ్చింది. ఈ శుక్రవారమే నెల్లూరులో ఆమె ఆరేళ్ళ పరిశోధనకు ఆఖరి వైవా. ఆ సంగతి చెబితే అత్త, "వాళ్ళనే ఇంకోరోజు పెట్టుకోమను," అని తేల్చేసింది.

ఆరేళ్ళూ వంటిల్లు సర్దాక మిగిలిన కాసేపట్లోనే చదివింది. ఊపిరితిత్తుల గొట్టాల్లో కణాల మీద నూగులా ఉంటాయి శైలికలు. అవి అటూ ఇటూ ఊగుతూ కఫాన్ని పైకి నెడతాయి. వాటిని ఊపే మోటార్లను కూర్చిపెట్టే ప్రొటీన్ ఒకటుంది. దాని ఆకారం ఏమిటో, ఎక్కడ మడత తప్పితే మోటారు అమరదో కనిపెట్టడం ఆమె పని. గైడు లిల్లీ మేడమ్‌తో ఫోన్లో "శైలిక" అంటుంటే విని, పుట్టబోయే బిడ్డకు పేరనుకుంది మాలకొండమ్మ. "మొగబిడ్డ పేరు చూసుకోరాదా?" అని సణిగి, అల్లూరు ఊరంతా చెప్పుకుంది. సుప్రియకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మధ్యాహ్నం మొగుడు పెంచలకృష్ణ రొయ్యల గుంటల నుంచి వచ్చి, దగ్గుతూనే అన్నానికి కూర్చున్నాడు. చిన్నప్పటి నుంచీ అంతే, నడి ఎండాకాలంలోనూ జలుబే. గుంట నీళ్ళు పడలేదంటారు ఇంట్లో. అది నీళ్ళ వల్ల కాదని భార్యకు ఏడాదిగా అనుమానం. వీర్యకణం తోకది కూడా ఈ శైలిక కట్టడమే మరి. మొగుడితో ఆ మాట అనడానికి ఏడాది పట్టిందంటే, ఆమెకు తన మీదే కోపం.

"ఒక్కసారి మీరూ పరీక్ష చేయించుకోండి," అంది మజ్జిగ పోస్తూ.

అతను తలెత్తలేదు. "చేయించినా. నాలుగేళ్ళయింది. కణాలుండాయి గానీ, కదలిక లేదన్నారు."

నాలుగేళ్ళు. ఆమె కోనలో పడుకున్న రెండుసార్లూ ఆ తర్వాతే. బండల మీద తాను వణుకుతుంటే, పొడి తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు ఈ పెద్దమనిషి. సుప్రియకు ఒళ్ళు మండిపోయింది.

పక్క గదిలోంచి మాలకొండమ్మ ఆ మాట విని లేచింది. గభాలున వెళ్ళి వీధి తలుపు వేసి వచ్చింది. "ఇది ఇంట్లో మాట. బయట అనబాక మే, నీకు దణ్ణం పెడతా."

సుప్రియ మజ్జిగ గిన్నె కింద పెట్టింది.

"వందమంది ముందర నన్ను పడుకోబెట్టినప్పుడు పిల్లల్లేని సంగతి ఇంట్లో మాట కాలేదా అత్తా? శుక్రవారం నేను వైవాకి పోతుండా. నీ కోడలేదీ అని కోనలో ఎవరన్నా అడిగితే, ఉన్నదున్నట్టు మీరే చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తా."