బ్యూలా కీబోర్డు నోరు మూయించిన సంగతి

శనివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక సీతాఫల్‌మండిలో సగంమంది కునుకు తీస్తారు. బ్యూలా మాత్రం డైనింగ్ టేబుల్ మీది గిన్నెలు పక్కకు జరిపి, లాప్‌టాప్ తెరిచి, చర్చి బులెటిన్ టైపు చేస్తుంది. రేపటి పాటల నంబర్లు, వాక్యభాగాలు, పుట్టినరోజులు, పెళ్లి ప్రకటనలు, అన్నీ ఒక్క కాగితానికి రెండు వైపులా పట్టాలి. వారమంతా కాప్రా స్కూల్లో పిల్లలకి లెక్కలు చెప్పే మనిషికి ఇదో కష్టమా? కష్టమంతా కీబోర్డుతోనే.

ఆ లాప్‌టాప్‌తో పుట్టిన కీబోర్డుకి ఒక జబ్బుంది. ఎదురుగా కూర్చున్న మనిషి నోటిదాకా తెచ్చుకుని మింగేసిన మాటని అది టైపు చేసేస్తుంది. వేలు తగలక్కర్లేదు. మీటలు వాటంతటవే టకటకా దిగి లేస్తాయి. అలాగని ఇంట్లో ఎవరూ బెంబేలు పడలేదు. పాత ఫ్రిజ్జు మోత పెడితే మనం బెంబేలు పడుతున్నామా? బ్యూలా వాళ్లమ్మ మేబెల్, రిటైరైన నర్సు, దాని ముందు కూర్చుని యూట్యూబ్‌లో ప్రసంగం పెట్టుకుంటే, వెతికే చోట "మోకాళ్లు లాగేస్తున్నాయి" అని పడేది. బ్యూలా వచ్చి బామ్ రాసేది.

"నేను అడగనేలేదు కదే!"

"కీబోర్డు చెప్పిందిలే అమ్మా."

ఇంతవరకూ బాగానే ఉంది. బులెటిన్ దగ్గరే పరువు పోయేది. ఎందుకంటే చర్చి పాస్టరు జకర్యా అయ్యగారు దేవుడిలాంటి మనిషి, కానీ కాగితం మీద ఏముంటే అది చదివేస్తారు. ముందుగా ఒకసారి చూసుకోవడమనే అలవాటు ఆయనకి లేదు. బ్యూలా ఎంత దిద్దినా ఎక్కడో ఒక ముక్క మిగిలిపోయేది. ఒక ఆదివారం ఆయన గంభీరంగా, "ఇప్పుడు కానుకలు పట్టబడును. ఈ ఫ్యాన్లు ఎప్పుడు బాగుచేయిస్తారో ఏమో," అన్నారు. సంఘమంతా "ఆమేన్" అంది. పై వారానికి ఫ్యాన్లు తిరిగాయి, అది వేరే సంగతి.

అసలు చిక్కు ఎరిక్ సంబంధం కుదిరాక వచ్చింది.

ఎరిక్‌ది బోయిన్‌పల్లి, బీమా ఆఫీసులో మేనేజరు, విశాఖపట్నానికి ట్రాన్స్‌ఫర్ అయింది. మంచివాడే. తాగడు, అరవడు, పెద్దవాళ్లు కనబడితే వందనాలు చెప్పకుండా కదలడు. ఒక్కటే, బ్యూలాని ఎవరేం అడిగినా జవాబు తనే చెప్పేస్తాడు. హోటల్లో "ఆమెకి కాఫీ," అంటాడు. ఆమె చిన్నప్పటినించీ టీ మనిషి. "నీకెంత వయసమ్మా?" అని ముసలమ్మ ఎవరైనా అడిగితే అదీ తనే చెబుతాడు. మొన్నయితే స్కూలు హెడ్‌మిస్ట్రెస్‌కి ఫోన్ చేసి, "బ్యూలా వచ్చే నెలనించి రాదండీ, పెళ్లి కదా," అని చెప్పేశాడు. బ్యూలాకి ఆ సంగతి స్టాఫ్ రూమ్‌లో తెలిసింది. ఆ ఉద్యోగమంటే ఆమెకి ప్రాణం. అయినా ఫోన్లో ఎరిక్‌తో ఏమంది? "పర్లేదు," అంది.

మేబెల్‌కి మాత్రం కొండంత ధైర్యం వచ్చింది. భర్త పోయినప్పటినించీ ఆవిడకి ఒకటే బెంగ, తన తర్వాత ఈ పిల్లకి ఎవరని. "అన్నీ అతనే చూసుకుంటున్నాడే, ఇంకేం కావాలి?" అనేది.

ఆ శనివారం బ్యూలా తన పెళ్లి ప్రకటన తనే టైపు చేసుకోవాల్సి వచ్చింది. మూడు ఆదివారాలు వరుసగా చర్చిలో చదవాలి, మూడోది కూడా చదివాకే పెళ్లి. తన పేరు, ఎరిక్ పేరు కొట్టింది. అంతే, మీటలు రేకుల మీద వడగళ్లలా మోగాయి. వద్దు వద్దు వద్దు వద్దు. చెరిపితే మళ్లీ. పేజీ నిండింది, రెండో పేజీ మొదలైంది.

మేబెల్ వంటింట్లోంచి వచ్చి కళ్లజోడు సర్దుకుని చూసింది.

"ఏంటే ఇది?"

"కీబోర్డు పాడైందమ్మా."

"అయితే బాగుచేయించు," అంది మేబెల్, కూతురి మొహం వైపు చూడకుండా.

స్టేషన్ వైపు సందులో పర్వతాలు అనే అతని కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. అతను లాప్‌టాప్ ముందు కూర్చోగానే "ఛాయ్ తాగాలె" అని పడింది.

"ఆఁ, గిదా తక్లీఫ్," అన్నాడు తాపీగా. "గీ మోడల్ల వస్తనే ఉంటదక్కా. వానలల్ల జెర ఎక్కువ."

ముందు సెట్టింగుల్లోకి వెళ్లి ఆ కీబోర్డుని తీసేశాడు. మెషిన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే అది నవ్వు మొహంతో తిరిగొచ్చింది. ఇంకోసారి తీశాడు. ఇంకోసారి వచ్చింది.

"గిట్ల వినదు," అని మెషిన్ బోర్లించి స్క్రూలు విప్పాడు. లోపల సన్నటి తెల్ల పట్టీ ఒకటి కీబోర్డునించి బోర్డులోకి దిగి ఉంది. "గీ పట్టీ పీకేస్తే ఇగ సప్పుడు చెయ్యదు. బయటి కీబోర్డు పెట్టుకొని కొట్టుకో. పీకాల్నా?"

"పీకెయ్యన్నా," అంది బ్యూలా.

పీకేశాడు. వైరున్న నల్ల కీబోర్డు ఒకటి తగిలించి ఇచ్చాడు. ఇంటికొచ్చి టైపు చేస్తే ప్రకటన అద్దంలా వచ్చింది. మొదటి ఆదివారం అయ్యగారు చదివారు, "ఎవరికైనను అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను," అని ఒక్క క్షణం ఆగి, ఎప్పట్లాగే పుట్టినరోజుల్లోకి వెళ్లిపోయారు.

కానీ మాటలు ఎక్కడికి పోతాయి చెప్పండి? వాటికి అలవాటైన దారి మూసేశారు. సోమవారం ఆటో అతను ఎక్కువ అడిగితే, "నేనేం కొత్తగా వచ్చానా ఈ ఊరికి?" అంది బ్యూలా. అనేశాక తనే ఉలిక్కిపడింది. స్టాఫ్ రూమ్‌లో తన కుర్చీలో కూర్చున్నావిడతో "అది నాది, లేవండి," అంది. ఆవిడ లేచింది. హోటల్లో ఎరిక్ "ఆమెకి కాఫీ," అనగానే బ్యూలా నోరు "టీ," అంది.

ఎరిక్ నవ్వాడు. "ఏదైతేనేం," అని సర్వర్‌తో, "కాఫీయే తీసుకురా," అన్నాడు.

రెండో ఆదివారం ప్రకటన చదువుతుంటే బ్యూలా రుమాలు నోట్లో కుక్కుకుని కూర్చుంది. మేబెల్ ఓరకంట చూసి, ఇంటికొచ్చాక దగ్గుమందు తెచ్చిపెట్టింది. ఇలాగైతే అందరి ముందూ అల్లరైపోతానని భయం పుట్టింది బ్యూలాకి. శనివారం పొద్దున్నే లాప్‌టాప్ చంకనపెట్టుకుని పర్వతాలు దగ్గరికి పరిగెత్తింది.

"అన్నా, ఆ పట్టీ మళ్లీ పెట్టెయ్. నాకు చాలా ఇబ్బందిగా ఉంది."

పర్వతాలు స్క్రూలు విప్పాడు. పట్టీ కొన రెండు వేళ్లతో పట్టుకున్నాడు. "నిమిషం పని. కానీ అక్కా, పాత పరేషాన్ మల్ల షురూ అయితది. పెట్టాల్నా?"

బ్యూలా ఆ పట్టీ వైపు చూసింది. పెడితే మాటలన్నీ మళ్లీ పెట్టెలోకి పోతాయి, తను చెరుపుకుంటూ కూర్చుంటుంది, విశాఖపట్నంలో కూడా.

"వద్దు," అంది. నోరు అందా, తను అందా అంటే, ఆ రోజు రెండూ కలిసే అన్నాయి.

మూడో ఆదివారం చర్చి నిండుగా ఉంది. ఎరిక్ కొత్త కోటు వేసుకుని మగవాళ్ల వైపు ముందు వరసలో కూర్చున్నాడు. జకర్యా అయ్యగారు బులెటిన్ ఎత్తి పట్టుకుని చదివారు. "ఇది మూడవసారియు, కడపటిసారియు ప్రకటించుట. ఎవరికైనను అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను."

బ్యూలా లేచి నిలబడింది. "నాకుందండీ, అయ్యగారూ."

అయ్యగారు చదవడం ఆపారు. ఆయన సేవలోకి వచ్చిన నాటినించీ ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు, ఒక్కరూ జవాబు చెప్పిన పాపాన పోలేదు. జవాబొస్తే ఏం చదవాలో చూద్దామని బులెటిన్ తిప్పారు. అటువైపు పుట్టినరోజులున్నాయి. ఆరాధన క్రమం పుస్తకం తీసి గబగబా పేజీలు తిరగేశారు. అందులోనూ లేదు.

ఎరిక్ లేచాడు. "అంటే అయ్యగారూ, బ్యూలా ఉద్దేశం ఏంటంటే..."

"నువ్వు కూర్చో బాబూ," అంది మేబెల్, వార్డులో నలభై మంచాలకి వినబడే పాత గొంతుతో. "దాని ఉద్దేశం దాన్ని చెప్పనివ్వు."

ఎరిక్ కూర్చున్నాడు.

"నువ్వు చెడ్డవాడివి కాదు ఎరిక్," అంది బ్యూలా. "నాకేం కావాలో ఒక్కసారైనా అడగలేదు నువ్వు. నేనూ చెప్పలేదు, అది నా తప్పే. ఇప్పుడు చెబుతున్నా. నేను కాప్రాలో లెక్కలు చెప్పుకోవాలి. ఈ పెళ్లి నాకొద్దు."

అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మెల్లగా అడిగారు. "అయితే ఈ ప్రకటన ఏం చెయ్యమంటావమ్మా?"

"కొట్టెయ్యండి అయ్యగారూ."

ఆయన జేబు తడుముకుని పెన్ను తీసి కొట్టేశారు. అయ్యగారు ఏం చేస్తే అది చేసే సంఘం కదా, తలా ఒక పెన్ను వెతుక్కుని ఎవరి కాగితం మీద వాళ్లు ఆ మూడు లైన్లూ కొట్టేయడం మొదలుపెట్టారు. బ్యూలా కూర్చుని, అమ్మ వైపు చూసే ధైర్యం లేక కళ్లు దించుకుంది. పక్కన మేబెల్ చేతిసంచీ తెరిచింది. లోపల చాలాసేపు వెతికి ఒక పెన్ను తీసింది. బులెటిన్‌ని ఒళ్లో బైబిలు మీద పరుచుకుని, కూతురి పేరు పక్కనున్న పేరుని ఒకసారి కొట్టేసింది. సరిగ్గా పడలేదనుకుందో ఏమో, కాగితం చిరిగేలా ఇంకోసారి కొట్టేసి, పెన్ను కూతురికి ఇచ్చింది.