కారణం చెప్పనక్కర్లేదట

మా ఆయన ఒడెల్ పదిహేడేళ్లు గ్రేడీ గారి షెడ్డులో సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కాడు. అమెరికాలో జార్జియా రాష్ట్రం మాది, మా ఊరికి గ్రానైటే బతుకుతెరువు. ఒక మంగళవారం నేను ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకుని పడుకోబోతుంటే, పదింటికే ఇంటికి వచ్చి వంటింట్లో కూర్చున్నాడు. బూట్లు కూడా విప్పలేదు.

"తీసేశారు," అన్నాడు.

"ఏం చేశావు?"

"ఏమీ చెయ్యలేదు."

"మరెందుకట?"

"అడిగాను. కారణం చెప్పక్కర్లేదట. వాళ్లు ఎప్పుడైనా తీసెయ్యొచ్చు, నేను ఎప్పుడైనా మానెయ్యొచ్చు. చేరిన రోజు ఆ కాగితం మీద సంతకం పెట్టింది నేనేగా."

మా తమ్ముడు ఊరుకోక లాయరు దగ్గరికి తీసుకెళ్లాడు. వయసు గురించి గానీ ఒంటి రంగు గురించి గానీ ఏమైనా అన్నారా అని అడిగాడు లాయరు. అనలేదన్నాడు ఒడెల్.

"చెడ్డ కారణం ఉంటే కేసు వెయ్యొచ్చు. అసలు కారణమే లేకపోతే నేనేం చెయ్యను?" అన్నాడాయన.

ఆ తరవాత ఒడెల్ పొద్దున్నే ట్రక్కు వేసుకుని శ్మశానాలకు వెళ్లడం మొదలుపెట్టాడు. తను చెక్కిన రాళ్లన్నీ ఒక్కొక్కటే చదివేవాడు. పేర్లు, తేదీలు, అక్షరాల మధ్య ఎడం. ఆరు వారాలు తిరిగాడు.

"ఒక్క తప్పూ లేదు, వెర్లీన్," అన్నాడు చివరికి. ఏదో చావు కబురు చెప్పినట్టు చెప్పాడు.

అక్టోబరులో గ్రేడీ గారే మా ఇంటికి వచ్చారు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డారు.

"షెడ్డులో మిగిలిన ఇద్దరూ సోమవారం ఫోనులో మెసేజ్ పెట్టి మానేశారు ఒడెల్. పక్క ఊళ్లో ఎవరో ఎక్కువ ఇస్తామన్నారట. రాళ్లన్నీ సగంలో ఉన్నాయి. కనీసం వారం ముందు చెప్పాలా వద్దా?"

"వాళ్లిష్టం కదండీ," అన్నాడు ఒడెల్. అందులో దెప్పిపొడుపేమీ లేదు.

"అవునులే," అన్నారు గ్రేడీ గారు. "వస్తావా?"

నేను ఉండబట్టలేకపోయాను. "ఆ రోజు ఈయన్నెందుకు తీసేశారు?"

"చెప్పొద్దన్నాడమ్మా మా లాయరు." టోపీ అంచు వేళ్లతో తిప్పారు. "ఆర్డర్లు పడిపోయాయి. ముగ్గుర్ని పెట్టుకుంటే షెడ్డే మూసుకోవాలి. ఎవరో ఒకళ్లని తియ్యాలి. ఒడెల్ అయితే గొడవ చెయ్యడనిపించింది."

ఒడెల్ తల ఊపాడు. నాకు కోపం వస్తుందేమోనని చూసుకున్నాను. రాలేదు. కాఫీ తాగుతారా అని అడిగాను. వద్దన్నారు.

గురువారం ఒడెల్ పనిలో చేరాడు. సాయంత్రం మొక్కజొన్న రొట్టె, చిక్కుళ్లు వడ్డించాను.

"మళ్లీ కాగితం ఇచ్చారా?"

"ఇచ్చారు."

"అదేనా?"

"అదే."

"పెట్టావా సంతకం?"

"పెట్టాను." ఇంకో రొట్టె తీసుకున్నాడు. "రేపు ఐదింటికి లేపు. మొగుడూ పెళ్లాల పేర్లతో జంట రాయి ఒకటి చెక్కాల్సి ఉంది."