వీరరాఘవమ్మ గారి గంగాళం

మా కోడలు సింధూరి ఒక కప్పను కొనుక్కొచ్చింది. మూడు కాళ్ల కప్ప, నోట్లో నాణెం. గుమ్మం దగ్గర పెడితే ఇంట్లోకి సంపద వస్తుందట. వానాకాలం వచ్చిందంటే తాడేపల్లిగూడెంలో నాలుగు కాళ్ల కప్పలు పిలవకుండానే గుమ్మంలోకి వస్తాయి. వాటిని చీపురుతో తోలలేక చస్తున్నాను, దీన్ని డబ్బిచ్చి తెచ్చుకోవడం ఎందుకని అడిగాను.

"ఇది ఫెంగ్ షుయ్ అండి అత్తయ్య గారూ. చైనా వాళ్ల వాస్తు. ఆ మాటకి గాలి, నీళ్లు అని అర్థమటండి," అంది.

మా ఆయన వెంకటరత్నం గారు కాఫీ తాగుతూ విన్నారు. ఆయనకి మార్కెట్లో ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు. పొద్దున్నే లారీల మధ్య అరిచి వచ్చే మనిషి, ఇంట్లో అరిచే ఓపిక ఉండదు. "గాలికీ నీళ్లకీ మనకేం కొదవ? కానీమ్మా," అన్నారు.

కప్ప వెనకాలే బొజ్జ వేసుకుని నవ్వే బుద్ధుడు వచ్చి టీవీ పక్కన కూర్చున్నాడు. గుమ్మానికి గొట్టాల గంటలు వేలాడాయి. ఇంతవరకూ నేనూ నవ్వి ఊరుకున్నాను. తర్వాత ఫోనులో ఎవరో ఒకావిడ చెప్పిందట, కొత్తవి తేవడం కాదు, పాతవి తీసెయ్యడమే అసలు పని అని. వాడని వస్తువు ఇంట్లో ఉంటే మంచి గాలి ఆడదట. దాంతో మా కోడలి కళ్లు సామాన్ల గది మీద పడ్డాయి.

ఆ గది నాది. మా అత్తగారి కవ్వం, పిడి ఊడిన గరిటెలు, మా అబ్బాయి భానుప్రకాష్ ఉయ్యాల గొలుసులు, ఐస్‌క్రీం డబ్బాలు, పెళ్లిళ్లలో వచ్చిన స్టీలు గిన్నెలు, అన్నీ అందులోనే. ఉంటే ఎప్పటికైనా పనికొస్తాయి. నేను ఏదీ పారెయ్యలేను. అది నా గుణం, దానికి నేనేమీ సిగ్గుపడను.

నేను ద్వారకా తిరుమల వెళ్లిన రోజు చూసి సింధూరి పదకొండు స్టీలు గిన్నెలు బయటికి పంపేసింది. నాలుగు మా పనిమనిషి కెజియాకి, మిగిలినవి వీధి చివర టిఫిన్ బండి ఆయనకి. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు, మా ఇంట్లో ఆ పని కోడలు చేసింది. కానీ ఒక సంగతి మరిచిపోయింది. మా వైపు గిన్నె ఇంటికి రాగానే అంచు మీద పేరు కొట్టించుకుంటాం. మూడు రోజుల్లో ఏడు గిన్నెలూ తిరిగొచ్చాయి. ఇడ్లీ తినడానికి వెళ్లినవాళ్లు చట్నీ గిన్నె మీద నా పేరు చదివి, "పరమేశ్వరి గారూ, మీ గిన్నె ఎవరో ఎత్తుకుపోయినట్టున్నారండీ, తీసుకొచ్చాం," అని తలుపు కొట్టడమే. తీసిన ప్రతిసారీ నేను కోడలి వైపు చూడడం, ఆవిడగారు బుద్ధుడికి దుమ్ము తుడవడం. కెజియా ఒక్కతే తెలివైనది. "నావి అడగకండమ్మా, పక్కన నా పేరు కూడా కొట్టించేశాను," అంది.

నవ్వుతూ చెబుతున్నాను గానీ, పేరున్న గిన్నెల మాట వస్తే నా మనసులో ఒక ముల్లు కదులుతుంది.

వీరరాఘవమ్మ గారిది కలిదిండి. పిల్లల చదువుల కోసం వచ్చి తొమ్మిదేళ్లు మా మేడ మీద అద్దెకున్నారు. ఆవిడ భర్త సుబ్బరాజు గారు అక్కడ చేపల చెరువులు చూసుకుంటూ శనివారాలు వచ్చేవారు. మాకు ఉల్లిపాయే గొప్ప, వాళ్లకి చేప లేనిదే ముద్ద దిగదు. అయినా ఆ తొమ్మిదేళ్లూ నేను ఒక్కదాన్నే కాఫీ తాగిన రోజు లేదు. చదువులయ్యాక వాళ్లు ఊరు వెళ్లిపోయినా, మా భానుప్రకాష్ పెళ్లికి నాలుగు రోజుల ముందే వచ్చి అన్నీ తానై చేశారు. వస్తూ వస్తూ తన పెళ్లికి వాళ్లమ్మ కూతురి పేరు కొట్టించి పెట్టిన ఇత్తడి గంగాళం తెచ్చారు. పందిట్లో పానకం అందులోనే కలిపాం.

అయిదు నెలలకి వాళ్లమ్మాయి గాయత్రి పెళ్లి కుదిరింది. బొట్టు పెట్టి పిలవడానికి ఆవిడ వచ్చిన రోజే మా ఇంట్లో పేరంటం, హాలు నిండా ఆడవాళ్లు. వెళ్లబోతూ మెల్లిగా అడిగారు. "వదిన గారూ, ఆ గంగాళం ఒకసారి చూసి పంపుతారా? మా అమ్మ పెట్టింది కదండీ, గాయత్రికి సారెలో ఇద్దామని."

మా అబ్బాయి పెళ్లి మర్నాడే ఎవరి సామాను వాళ్లకి ఆటోల్లో పంపేశానని నా నమ్మకం. ఆ మాటే నెమ్మదిగా చెప్పొచ్చు. నేను చెప్పలేదు. "మా ఇంట్లో ఇంకొకళ్ల గిన్నె ఒక్క పూట ఉండదండీ. మీ అటక మీద వెతుక్కోండి," అన్నాను, హాలంతా వినబడేలా.

ఆవిడ ముఖం చిన్నబోయింది. "అలాగేనండీ," అని వెళ్లిపోయారు. నన్ను నలుగురిలో దొంగను చేశారని ఉక్రోషంతో నేను గాయత్రి పెళ్లికి వెళ్లలేదు. ఆవిడ ఆ మాట అననే లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నది నేనే. నాలుగేళ్లయింది, ఫోను లేదు, పలకరింపు లేదు. ఆవిడ నంబరు మాత్రం నా ఫోనులో అలాగే ఉంది.

గిన్నెల దెబ్బతో సింధూరి ఊరుకుంటుందనుకున్నాను. ఊరుకోలేదు. ఈసారి బియ్యం మూల కదపాలంది.

మా ఇంట్లో ఏడాది పాత బియ్యమే వండుతాం. కొత్త బస్తాలు వచ్చి చేరాకే పాతవి ముగుస్తాయి. సామాన్ల గదిలో ఆ మూల ఎప్పుడూ ఖాళీ అవదు, అవకూడదు. బియ్యం అయిపోయాయన్న మాట మా అత్తగారు నోటితో అననిచ్చేవారు కాదు, నిండుకున్నాయనాలి. అడుగు దాకా ఊడవడం కూడా లేదు, లక్ష్మిని ఊడ్చినట్టని.

"కప్పని తెచ్చి పెట్టి లక్ష్మిని పొమ్మంటావా?" అని గట్టిగానే అడిగాను.

సింధూరి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఫెంగ్ షుయ్ సంగతి వదిలెయ్యండి అత్తయ్య గారూ. నాకు ఆ గది కావాలండి. మగ్గం పెట్టుకుందామని. జాకెట్ల మీద వర్క్ నేర్చుకున్నాను కదా, తణుకు నుంచి కూడా అడుగుతున్నారండి. మంచం మీద పెట్టుకుని కుడితే నడుం పడిపోతోంది. గది ఇమ్మని మిమ్మల్ని అడగడానికి భయమేసి..."

"కప్పని అడగమన్నావా?"

నాకు కోపం రావాలి, నవ్వొచ్చింది. నవ్వు ఆగాక సిగ్గేసింది. నాలుగున్నరేళ్లుగా నా ఇంట్లో తిరుగుతున్న పిల్ల, నన్నొక గది అడగడానికి చైనా నుంచి మధ్యవర్తుల్ని తెచ్చుకోవాల్సి వచ్చింది. ఎంత నోరు పెట్టుకుని బతుకుతున్నానో అనిపించింది.

"సరే. వంటింటి పక్క మూల కడిగి ముగ్గేయి. ముందు అక్కడ చాటెడు బియ్యం పోసి పసుపూ కుంకుమా పెట్టు. లక్ష్మి అక్కడికి మారిందనుకుందాం, అప్పుడు ఇక్కడ కదుపుదాం," అన్నాను.

ఆదివారం పొద్దున్న భానుప్రకాష్ బస్తాలు మోశాడు. ఆఖరి బస్తా తీస్తే కింద చెక్క. చెక్క తీస్తే గోనెపట్టా. పట్టా తీస్తే బోర్లించిన పెద్ద గిన్నె ఏదో, నల్లగా చిలుం పట్టి, ఒక పక్క సొట్టపోయి ఉంది.

"ఇదేంటండీ? భలే బరువుంది," అంటూ సింధూరి దాన్ని పెరట్లోకి దొర్లించుకుపోయి చింతపండు పెట్టి తోమడం మొదలెట్టింది.

నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. భానుప్రకాష్ పెళ్లి మర్నాడు కురిసిన వాన గుర్తొచ్చింది. గదిలోకి నీళ్లొచ్చి బియ్యం తడుస్తుంటే, "ఏదో ఒకటి బోర్లించి దాని మీద పెట్టండి," అని అరిచింది నేనే. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టంటారు. నేను వెతకను కూడా లేదు.

"పేరుందండి అత్తయ్య గారూ. వీ... ర... రా..." అని చదువుతూ చదువుతూ సింధూరి ఆగిపోయింది. ఆ పేరంటం రోజు తనూ ఆ హాల్లోనే ఉంది.

భానుప్రకాష్ చల్లగా ఉపాయం చెప్పాడు. "రేపు మన లారీ కలిదిండి మీదుగా వెళ్తుందమ్మా. వాళ్లింటి దగ్గర దింపించేస్తాను. ఎక్కడ దొరికిందీ ఏమిటీ ఎవరికి కావాలి?"

అబద్ధమెందుకు, ఆ మాట నాకు చల్లగానే తగిలింది. ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని లారీ సంగతే ఆలోచించాను. హాలు నిండా జనంలో అన్న మాటని ఏ ముఖంతో వెనక్కి తీసుకోను? తలుపు తియ్యకపోతే? తీసి, "మా అటక మీద దొరికిందా అండీ?" అంటే?

మజ్జిగ పోస్తూ సింధూరి అంది. "మన స్టీలు గిన్నెలు మనకేమీ కాని వాళ్లు కూడా మోసుకొచ్చి ఇచ్చారండి. పేరుందని."

మా ఆయన నవ్వు ఆపుకోడానికి నీళ్ల గ్లాసు అడ్డం పెట్టుకున్నారు. నేను చెయ్యి కడుక్కుని, "రేపు కారు తియ్యమను. నువ్వూ రా," అన్నాను కోడలితో.

పుచ్చుకున్న గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. పప్పు గిన్నె అయితే గుప్పెడు పంచదార వేసి ఇస్తాం. గంగాళానికి గుప్పెడు ఏం సరిపోతుంది? నాలుగేళ్లు ఆ బియ్యాన్ని మోసింది కాబట్టి ఆ బియ్యమే దాని నిండా పోయించాను. భీమవరం, ఉండి, ఆకివీడు దాటేవరకూ ఏం మాట్లాడాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. ఉప్పుటేరు వంతెన దాటాక అటూ ఇటూ చెరువులే. చెరువుల్లో నీళ్లు చిమ్మే చక్రాలు తిరుగుతున్నాయి, గట్ల మీద కొంగలు నిలబడి చూస్తున్నాయి. వాటికి నా సంగతి తెలిసిపోయినట్టే అనిపించింది.

వీరరాఘవమ్మ గారు వరండాలో మనవరాలిని ఒళ్లో వేసుకుని కూర్చున్నారు. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడ్డారు. డ్రైవరూ సింధూరీ చెరో పక్కా పట్టుకుని గంగాళాన్ని మెట్ల మీద దింపారు. అనుకున్న నాలుగు రకాలూ మరిచిపోయాను.

"మా ఇంట్లోనే ఉందండీ. బియ్యం బస్తాల కింద. నేనే పెట్టించాను, నేనే మరిచిపోయాను. నలుగురిలో మిమ్మల్ని అంత మాట అన్నాను. గాయత్రి పెళ్లికి రాలేదు. తప్పంతా నాదే వదిన గారూ." ఇంకా ఏదో అనబోయాను గానీ ఏడుపొచ్చేసింది.

ఆవిడ పాపని సింధూరికి అందించి, వంగి అంచు మీద పేరు తడిమారు. సొట్ట కూడా తడిమారు.

"నాలుగు సార్లు అటక మీది సామానంతా దింపించానండీ," అన్నారు. "మీరంత గట్టిగా అనేసరికి, నేనే ఎక్కడో పెట్టి మరిచిపోయాననుకున్నాను. మీరు అబద్ధం ఆడరు కదా. అనవసరంగా అడిగి నలుగురిలో మీ మనసు నొప్పించానని, ఫోను చెయ్యడానికి ముఖం చెల్లలేదండీ."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నాలుగేళ్లు నేను ఆవిడ మీద కోపం పెంచుకుంటే, ఆవిడ నా మాట నమ్మి తన ఇల్లు తను వెతుక్కున్నారు. ఆవిడ చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మమ్మల్ని గట్టెక్కించింది సింధూరే. "అటకంతా ఖాళీ చేసేశారా అండీ? అదే ఫెంగ్ షుయ్," అంది. అదేమిటని అడిగితే కప్ప దగ్గర్నుంచి మొదలెట్టి మొత్తం చెప్పింది. చట్నీ గిన్నెల దగ్గరికి వచ్చేసరికి వీరరాఘవమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. మా మేడ మీద నవ్విన నవ్వే. తర్వాత మూడు కాఫీలు తాగాం.

బయల్దేరబోతుంటే చూద్దును కదా, బియ్యం లోపల పోయించుకుని, గంగాళం నిండా కొబ్బరికాయలూ అరటిపళ్లూ పెట్టించి, మళ్లీ మా కారులోకే ఎక్కిస్తున్నారు.

"ఇదేమిటండీ? తిరిగిద్దామనే కదా తెచ్చాను!"

"పై నెలలో పాపకి అన్నప్రాసన. పాయసం ఇందులోనే వండించాలి. అప్పుడు మీరే తెచ్చివ్వండి."

"ఇక్కడే ఉంచుకోవచ్చు కదండీ."

"ఇక్కడుంటే మీరు రారు," అన్నారావిడ.

సామాన్ల గదిలో ఇప్పుడు కోడలి మగ్గం ఉంది. నా ఐస్‌క్రీం డబ్బాల్లో తన పూసలు పోసుకుంది. ఎప్పటికైనా పనికొస్తాయని నేను చెప్పలేదా? బుద్ధుడిని కాస్త పక్కకి జరిపి గంగాళాన్ని హాల్లో పెట్టాం, ఈసారి బోర్లించకుండా. పొద్దున్నే కాఫీ తాగుతూ ఆవిడకి ఫోను చేస్తాను. "గంగాళం ఉందా?" అని ఆవిడ అడుగుతారు. దాని అంచు మీది పేరు ఒకసారి చదువుకుని, "మా ఇంట్లోనే ఉందండీ," అని చెబుతాను.