వెనక మెట్ల తాళం

పొద్దుటి నుంచి పరుశురాంకు తల తిరిగిపోతూనే ఉంది. సూరత్‌లోని అమ్రోలిలో తామున్న నాలుగంతస్తుల అపార్ట్‌మెంటుకు అతణ్ణి సెక్రటరీని చేసినప్పుడు, నీళ్ల మోటారు వేయడం, గుజరాతీలో వచ్చే కాగితాల మీద సంతకం పెట్టడం తప్ప వేరే పనేమీ ఉండదన్నారు. ఇవాళ ఫైర్ ఆఫీసరొకాయన వచ్చి బిల్డింగంతా తిరిగి చూశాడు. వెనక మెట్లు దిగి సందులోకి వెళ్లేచోట ఇనుప తలుపు, దానికో తుప్పు తాళం. ఆ తాళాన్ని వేలితో కొట్టి, "సాయంత్రం మళ్లీ వస్తాను. అప్పటికి ఈ దారి తెరిచి లేకపోతే బిల్డింగుకు సీలే" అని హిందీలో చెప్పి బండెక్కాడు.

సీలంటే ఏమిటో సూరత్‌లో ఉండేవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. గిన్నెలూ పరుపులూ రోడ్డు మీదికి వస్తాయి. మగ్గాల మీద పనిచేసే మగవాళ్లకూ, ఇంట్లో కూర్చుని చీరలకు చమ్కీలు అద్దే ఆడవాళ్లకూ ఉన్నపళంగా ఇల్లెవరిస్తారు?

అసలు రూలేమిటో కనుక్కుందామని హజీరాలో ఇంజనీరుగా ఉన్న సాయికృష్ణకు ఫోన్ చేశాడు. "మీ బిల్డింగ్ అంత ఎత్తేం కాదు కదండీ, రెండో మెట్లు అవసరం ఉండకపోవచ్చు" అన్నాడతను. పక్క బిల్డింగు సెక్రటరీ మాత్రం ఎంత చిన్న బిల్డింగుకైనా ఉండాల్సిందేనని ఒట్టేసి చెప్పాడు. కట్టించిన బిల్డరు మనిషైతే అవి ఊడ్చేవాళ్ల కోసం వేసిన మెట్లని కొట్టిపారేశాడు. చివరికి ఆఫీసరుకే ఫోన్ చేస్తే ఆయన విసుక్కున్నాడు. అవసరమా కాదా అన్నది తర్వాత సంగతి, ఉన్న దారికి తాళం వేయకూడదు, దాని మీద సామాను పెట్టకూడదు, మంటలొస్తే మనిషి తలుపు తోసుకుని బయటపడాలి అన్నాడు.

"మెట్లు లేకుంటే తప్పు గాదేమో అంటరు, ఉంటే తప్పంటరు. ఇదేం లెక్క?" అని పరుశురాం భార్య దగ్గర తల పట్టుకున్నాడు.

"లెక్క తర్వాత చూద్దువు గని, తాళంచెవి యాడుందో చూడు ముందుగాల" అంది భూదేవి.

అక్కడే వచ్చింది అసలు చిక్కు. మూడో అంతస్తులో ఉండే లింగం కొన్నేళ్ల కింద చెడ్డ నక్షత్రంలో పోయాడు. అలా పోతే ఇంటిని కొన్ని నెలలు మూసిపెట్టాలి. ఊళ్లో అయితే చుట్టాలింటికి పోయి తలదాచుకుంటారు, ఇక్కడ ఇల్లు మూస్తే లింగం భార్య బాలవ్వ ఎక్కడికి పోతుంది? పంతులు ఆలోచించి, శవం వెళ్లిన దారిని మూస్తే చాలన్నాడు. పాడె ముందు మెట్ల మలుపులో తిరగదని, వెనక మెట్ల మీద పేర్చిన చీరల మూటలన్నీ తీసేసి అటుగానే తీసుకెళ్లారు కనుక, ఆ తలుపుకు తాళం పడింది. గడువు ఎప్పుడో తీరిపోయింది. కానీ ఆ గడప మొదట దాటిన వాళ్లకు కీడు తగులుతుందని అందరికీ లోపల గుబులు. అందుకే ఎవరూ ఆ ఊసెత్తలేదు.

తాళంచెవి సదానందం ఇంట్లో ఉంటుందంది భూదేవి. కింద ఇంటి సదానందం నోరు తెరిచాడు. "నా దగ్గరెందుకుంటదే బావా? బాలవ్వ కొంగుకు కట్టుకున్నదనుకున్న." బాలవ్వను అడగడానికి మాత్రం ఇద్దరికీ నోరు రాలేదు. పుండు మీద కారం చల్లినట్టవుతుందని పరుశురాం భయం.

సదానందానికి ఉపాయం తట్టింది. "ఆఫీసర్‌తోనే తాళం పగలగొట్టిద్దాం. ముందుగాల ఆయన్నే దాటనిద్దాం. ఆయనకు మన నక్షత్రాలు తెలుస్తయా ఏంది? ఆయన దాటినంక మనకేం గాదు."

ఆ మాట పరుశురాంకు నచ్చిందో లేదో అతనికే అర్థం కాలేదు. ఆ ఆఫీసరుకు పెళ్లాం పిల్లలుంటారు కదా అనిపించింది. సీలు గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

సాయంత్రం ఆఫీసరు రానే వచ్చాడు. బిల్డింగు వాళ్లంతా వెనక మెట్ల కింద పోగయ్యారు. సుత్తి అడిగి నాలుగు దెబ్బలు వేసేసరికి తాళం ఊడింది. తలుపు కీచుమంటూ సందులోకి తెరుచుకుంది. సదానందం వినయంగా చేయి చూపించి, "ఆయియే సాబ్" అన్నాడు.

ఆఫీసరు కదల్లేదు. "నేనెందుకు? నిప్పంటుకుంటే దిగాల్సింది మీరు. అందరూ పైకెళ్లి ఈ మెట్ల మీదుగా దిగి బయటికి రండి, నేను చూడాలి" అన్నాడు.

అందరూ గోడకు అతుక్కుపోయారు. ఆఫీసరు ఒక్కొక్కరి మొహం చూసి, "ఏం దాచారు పైన?" అని జేబులోంచి ఫోన్ తీశాడు. ఆ ఫోన్ సీలు వేసేవాళ్లకేనని అందరికీ తెలిసిపోయింది.

అప్పుడు పై నుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. బాలవ్వ వెనక మెట్ల మీద నెమ్మదిగా దిగి వచ్చింది, ఎవరి వంకా చూడకుండా గడప దాటి సందులో నిలబడింది.

"వదినె..." అన్నాడు పరుశురాం.

"కీడు నాకే తగలనీ. ఇంకేం మిగిలిందని భయపడాలె? నక్షత్రం, నక్షత్రం అంటరు. ఆయనకు ఛాతిల నొప్పి లేచిన్నాడు గీ మెట్ల నిండ మీ చీరల మూటలుండె. మంచం మీద దవాఖానకు మోస్కపోతుంటే ముందు మెట్ల మూలకాడ తిరగక గుంజులాడిండ్రు. ఆడనే పానం పాయె. సచ్చినంక మూటలన్నీ తీసి గీ తొవ్వల తీస్కపోయిండ్రు. బతికున్నోనికి ఇయ్యని తొవ్వ సచ్చినోనికి ఇచ్చిండ్రు. మల్ల తాళమేసిండ్రు. తప్పు నక్షత్రానిదా, పరుశురాం?"

ఆ మూటల్లో సగం తన ఇంటివేనని పరుశురాంకు తెలుసు. ఆ రోజు లింగాన్ని మోసిన మంచానికి ఒక కోడు పట్టుకున్నది కూడా తనే. ఇన్నేళ్లూ నక్షత్రం చెడ్డదని నమ్ముతూ హాయిగా నిద్రపోయాడు.

"క్యా బోల్ రహీ హై?" అని, ఆమె ఏమంటోందో ఆఫీసరు అడిగాడు.

ఏళ్ల తరబడి మిల్లుల్లో మాట్లాడిన హిందీలో పరుశురాం అదంతా చెప్పలేకపోయాడు. "దర్వాజా ఖులా రహేగా సాబ్" అని, ఇక తలుపు తెరిచే ఉంటుందని మాత్రం అన్నాడు.

తర్వాత ముందు మెట్లెక్కి, మంచం ఇరుక్కున్న ఆ మలుపు దగ్గర కాసేపు ఆగి, మూడో అంతస్తు దాకా వెళ్లాడు. అక్కడి నుంచి వెనక మెట్ల మీద ఏడుస్తూ దిగి, గడప దాటి, బాలవ్వ పక్కన నిలబడ్డాడు. అతని వెనకే భూదేవి దిగింది.