వంటింట్లో గురక

మా డిష్‌వాషర్ గురక పెట్టడం జనవరిలో మొదలైంది. మామూలు గురకైతే నేను పట్టించుకునేదాన్ని కాదు. పెళ్ళైనప్పటి నుంచీ క్లైవ్ పక్కన పడుకుంటున్నదాన్ని, గురకలంటే నాకు భయం లేదు. ఇది వేరే రకం. నీళ్ళు పట్టుకునేదాకా బుద్ధిగా ఉండేది. తోమడం మొదలెట్టగానే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు గర్రుమనేది, బుడబుడమనేది, ఒక్క క్షణం ఆగేది, మళ్ళీ గర్రుమనేది. గూట్లో కప్పులు గలగలలాడేవి. పెరట్లో కుక్క లేచి మొరిగేది.

"పాతబడింది, అంతే. వయసొచ్చాక అందరం మూలుగుతాం," అన్నాడు క్లైవ్ పేపరులోంచి తలెత్తకుండా.

"అది నీకంటే చాలా చిన్నది," అన్నాను.

ఆ రోజుల్లో నా ప్రాణానికి డిష్‌వాషర్ ఒక్కటే తక్కువైంది. మార్చిలో మా ఊరి షో, అంటే రైతుల పోటీల జాతర. ఎడ్లు, గొర్రెలు, గుమ్మడికాయలు వేటి దారిన అవి పోటీ పడతాయి గానీ, మా ఆడవాళ్ళకి మాత్రం షో అంటే స్పాంజి కేకే. మా అత్తగారు ఇల్మా బతికున్నన్నాళ్ళూ మొదటి బహుమతి మా వంటింటికే వచ్చేది. పోతూ పోతూ ఆవిడ తన కేకు టిన్నులు రెండూ నా చేతిలో పెట్టింది, కన్నకూతురి చేతిలో కాదు. ఆ కూతురు థెల్మా, మా ఆయనకి అక్క. ఆ సంగతి ఆవిడ మరిచిపోలేదు, నన్ను మరిచిపోనివ్వలేదు.

టిన్నులు వచ్చాయి గానీ బహుమతి రాలేదు. ఏటా నా కేకు పక్కన జడ్జీ పెట్టిన చీటీ మీద ఒకటే రాత: రుచి చాలా బాగుంది, ఒక పక్కకి ఒరిగింది. నేను పిండి మార్చాను, గుడ్లు మార్చాను. క్లైవ్ ఓవెన్‌లో వేడి తీగ మార్చాడు, ఫ్యాను మార్చాడు. కేకు మాత్రం ఒక వైపు లావుగా, ఒక వైపు సన్నగా వస్తూనే ఉంది. మధ్యలో తలుపు తీసి టిన్ను తిప్పుదామంటే, స్పాంజి అలాంటి చనువు సహించదు, అక్కడికక్కడే కూలబడుతుంది. ఏటా మొదటి బహుమతి థెల్మాకే.

పోయిన క్రిస్మస్ భోజనాల దగ్గర థెల్మా నోరు విప్పింది.

"ఒక మాటంటాను, ఏమీ అనుకోకు నోరీన్. అమ్మ టిన్నులు వాడటం తెలిసినవాళ్ళ దగ్గరుంటే అమ్మ ఆత్మకి కూడా శాంతి."

"నాకు వాడటం తెలీదంటావా వదినా?"

"అయ్యో, నేనెక్కడన్నానమ్మా? జడ్జీలంటున్నారు. ఏటా రాసి మరీ ఇస్తున్నారు కదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒళ్ళు మండితే నా నోరు నా మాట వినదు.

"ఈసారి కూడా ఒరిగితే టిన్నులు నువ్వే పట్టుకుపో!"

అందరి చేతుల్లో ఫోర్కులు ఆగిపోయాయి. క్లైవ్ పంది మాంసం కోస్తున్నవాడు కోస్తున్నట్టే నావైపు చూశాడు. మాట వెనక్కి తీసుకుందామంటే అప్పటికే థెల్మా మొహం వెలిగిపోయింది.

అందుకే జనవరి నుంచి వారానికో కేకు చేస్తూ, ఒరిగినదాన్నల్లా కోళ్ళకి వేస్తూ, నా చెయ్యే మంచిది కాదేమో అని కుమిలిపోతున్నాను. ఆ కుమిలిపోవడానికి వెనక పాటలా ఈ గర్ గర్ ఒకటి.

"దాని సంగతి చూస్తావా, చూడవా?" అని ఫిబ్రవరిలో క్లైవ్‌ని నిలదీశాను. ట్రాక్టర్లు విప్పి బిగించే మనిషి, అంట్లు తోమే పెట్టెకి భయపడితే ఎలా?

చూశాడు. పూర్తిగా ఒక ఆదివారం దాని ముందు బోర్లా పడుకుని చూశాడు. ముందు అడుగున ఉన్న జల్లెడ తీసి కడిగాడు. నిమ్మగింజలు, కోడి ఎముక ముక్క, పోయిందనుకున్న నా చెవిదిద్దు దొరికాయి. దిద్దు దొరికినందుకు నేను సంతోషించాను. గురక ఆగలేదు. నీళ్ళు చిమ్మే రెక్క విప్పి, చిల్లుల్లో పుల్లలు పెట్టి పొడిచాడు. గురక ఆగలేదు. మర్నాడు పంపు విప్పాడు. అందులో క్రిస్మస్ నాటి చెర్రీ గింజ ఒకటి ఇరుక్కుని ఉంది.

"దొరికింది దొంగ!" అని ఆ గింజని వేళ్ళ మధ్య పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. కుక్కకి కూడా చూపించాడు. అన్నీ బిగించి మీట నొక్కాడు. నీళ్ళు నిండాయి. ఇద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

గర్ర్.

"పెట్టె ఎక్కడైనా ఒరిగిందేమో చూశావా?" అన్నాను.

"ఒరగడమేంటి? పక్కనున్న గట్టుతో సమానంగా, వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంది."

"రసమట్టం పెట్టి చూశావా?"

"నా కన్నే రసమట్టం నోరీన్."

దగ్గర్లోని పట్నం టూవూంబాలో మెకానిక్‌కి ఫోన్ చేస్తే ఈస్టర్ అయ్యాక వస్తానన్నాడు. కొత్తది కొనేద్దాం అన్నాడు క్లైవ్. ముందు షో కానీ, తర్వాత చూద్దాం అన్నాను.

షో శనివారం. గురువారం పొద్దున నా ఆఖరి తాలీము కేకు ఓవెన్‌లోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఒరిగింది. ఎప్పటికంటే ఎక్కువ ఒరిగింది. సరిగ్గా అప్పుడే వెనక డిష్‌వాషర్ గర్రుమంది, నన్ను చూసి నవ్వినట్టే అనిపించింది. తిక్కరేగి దాని తలుపు ఒక్క గుంజు గుంజాను.

ఆవిరి మొహానికి కొట్టింది. అది తగ్గాక వంగి లోపలికి చూశాను. అడుగున నీళ్ళన్నీ ఫ్రిజ్ ఉన్న వైపుకి చేరి ఉన్నాయి. కిటికీ వైపు అడుగు బోసిగా, తడిగా మెరుస్తోంది. మధ్యలో నీళ్ళు పీల్చుకునే గుంట సగం మునిగి, సగం గాలిలో ఉంది. అంటే అది గురక కాదు. నీళ్ళతో పాటు గాలి మింగి పొలమారుతోంది పాపం.

తలుపు మూయబోయి ఆగిపోయాను. ఫ్రిజ్ వైపు. టిన్నుల్లో ఒకదాని అంచుకి చిన్న సొట్ట ఉంది. దాన్ని ఎప్పుడూ ఫ్రిజ్ వైపుకే తిప్పి ఓవెన్‌లో పెడతాను, అది నా అలవాటు. బల్ల మీది కేకు దగ్గరికి వెళ్ళి చూశాను. లావుగా ఉన్నది సొట్ట వైపే.

రెండో టిన్నులో వేలెడు లోతు నీళ్ళు పోసి, ఓవెన్ అరలో పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. ఫ్రిజ్ వైపు నీళ్ళు అంచుకి దగ్గరగా, కిటికీ వైపు బాగా కిందకి ఉన్నాయి. ఓవెన్‌లో పిండి, డిష్‌వాషర్‌లో నీళ్ళు, రెండూ ఒకే దారిన జారుతున్నాయి.

"క్లైవ్! నీ కళ్ళు అక్కడే పెట్టి, రసమట్టం పట్టుకురా!"

తెచ్చి గట్టు మీద పెట్టాడు. దాని గాజులోని బుడగ పరుగెత్తుకుంటూ ఎత్తుగా ఉన్న కిటికీ వైపు చివరికి పోయి అక్కడే కూర్చుంది. నేల మీద పెట్టాడు, అదే తంతు. గట్టు, పెట్టె, ఓవెన్, నేల అన్నీ కలిసి ఒరిగితే మనిషి కన్నుకి అంతా తిన్నగానే కనిపిస్తుంది. మరి కేకు చల్లారే బల్ల తిన్నగానే ఉందే అంటారా? దాని కాళ్ళ కింద బీరు అట్టలున్నాయి, బార్లలో గ్లాసు కింద పెట్టేవి. మా నల్లరేగడి ఊళ్ళో నేల ఎండకి కుంగుతుంది, వానకి పొంగుతుంది, కొయ్య మొద్దుల మీద నిలబెట్టిన ఇళ్ళు దాంతో పాటే ఊగుతాయి. కుర్చీ కదిలితే అట్ట మడిచి కింద దూర్చడం మాకు ఊపిరి తీసుకున్నంత మామూలు. గట్టుకీ ఓవెన్‌కీ మాత్రం ఎవరు అట్టలు పెడతారు?

"కానీ వాన పడి ఎన్నాళ్ళయింది? ఇది కుంగాలి గానీ పొంగడమేంటి? అదీ ఒక్క కిటికీ మూలే?" అని గొణుక్కుంటూ క్లైవ్ ఇంటి కిందకి దూరాడు. వెనకాలే నేనూ దూరాను. అన్ని మొద్దుల చుట్టూ నేల చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చి ఉంది. కిటికీ మూల మొద్దు చుట్టూ మాత్రం మెత్తగా, నల్లగా, తడితడిగా ఉబ్బి ఉంది. దాని పక్కనే క్లైవ్ పాషన్ ఫ్రూట్ తీగ. ఊరంతా ఎండిపోతుంటే ఏపుగా పాకి, కోళ్ళ గూడుని కూడా మింగేసిన తీగ. వంటింటి నేలకి పెట్టిన కన్నంలోంచి ఒక గొట్టం దిగి, సరిగ్గా దాని మొదట్లో ఆగింది.

"ఆ గొట్టం ఎక్కణ్ణించి వస్తోంది క్లైవ్?" అన్నాను. నాకు తెలుసు. అతని నోటితో వినాలనిపించింది.

"కరువు కదా... నీళ్ళు వృథా అవుతాయని... డిష్‌వాషర్ పెట్టినప్పుడే నేను..."

ఆ డిష్‌వాషర్ వాళ్ళమ్మ చనిపోయిన ఏడాదే కొన్నాడు, నా చేతులు నొప్పి పెడుతున్నాయని. నా చేతులకి సుఖం ఇవ్వాలని తెచ్చినది, వాడిన నీళ్ళన్నీ ఆ మూల పోసి పోసి, నేలని ఉబ్బించి, మొద్దుని పైకి నెట్టి, ఇల్లు ఎత్తి, నా కేకు పరువు తీసి, చివరికి తన గొంతు మీదికే తెచ్చుకుంది. నేను ఆ దుమ్ములోనే కూర్చుని ఏడ్చాను. క్లైవ్ కంగారుపడ్డాడు.

"కోపం వచ్చిందా?"

"చాలా వచ్చింది. కానీ ఏడుపు దానిక్కాదు. నా చెయ్యి మంచిదే క్లైవ్! ఇన్నేళ్ళూ నా చెయ్యి మంచిదే!"

"నేనెప్పుడు కాదన్నాను?" అన్నాడు. నా భుజం మీద మట్టి చెయ్యి వేసి, నాతో పాటే కూర్చున్నాడు.

శుక్రవారం పొద్దున్నే లారీ జాకీ తెచ్చి దూలం కింద పెట్టాడు. మొద్దుకీ దూలానికీ మధ్య వాళ్ళ నాన్న ఏనాడో పెట్టిన చెక్క బిళ్ళలున్నాయి. దూలాన్ని రవ్వంత లేపి, ఒక బిళ్ళ తీసి, మెల్లగా దించాడు. ఇల్లంతా ఒళ్ళు విరుచుకున్నట్టు కిర్రుమంది. నేను పైన రసమట్టం ముందు నిలబడి అరుస్తున్నాను.

"ఇంకా! ఇంకాస్త! ఆ... ఆ... ఆపు!"

బుడగ నడిమధ్యకి వచ్చి నిలిచింది. అదే సమయానికి ఏళ్ళ తరబడి భుజంతో తోస్తే తప్ప కదలని స్నానాల గది తలుపు తనంతట తానే తెరుచుకుంది. వంటింటి బల్ల మాత్రం టకటకా ఊగింది. నేల తిన్నగా అయ్యాక అట్టలే ఎక్కువయ్యాయి మరి. బల్ల కింద, మంచం కింద, బీరువా కింద, ఇల్లంతా తిరిగి లాగితే ఒక కట్ట అయింది.

గొట్టాన్ని దూరంగా కంచె పక్కకి మళ్ళించి, డిష్‌వాషర్‌లో అంట్లు పెట్టి మీట నొక్కాను. ఇద్దరం చెవులు రిక్కించాం.

"ఆన్ చేశావా?"

"చేశాను."

చెవి తలుపుకి ఆనిస్తే, లోపల చిన్నగా వాన కురుస్తున్నట్టు చప్పుడు. కుక్క లేవలేదు. క్లైవ్ నన్ను పట్టుకుని వంటింట్లో రెండు చుట్లు గిర్రున తిప్పాడు.

శనివారం షో రేకుల షెడ్డులో జడ్జీ, ముందు రోజు సాయంత్రం నేను చేసిన కేకు దగ్గర ఆగింది. సన్నగా, నవ్వడం ఎరగని మనిషి. వంగి కళ్ళు కేకుకి సమానంగా పెట్టి, పళ్ళేన్ని మెల్లగా చుట్టూ తిప్పింది. తర్వాత కత్తితో కోసి, రెండు సగాలూ పక్కపక్కన పెట్టి చూసింది. ఆవిడ జేబులోంచి మొదటి బహుమతికిచ్చే నీలం చీటీ తీసి నా పళ్ళెం ముందు పెట్టింది. దాని మీద రాసింది చదవడానికి కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకోవలసి వచ్చింది: అంతటా సమంగా పొంగింది. థెల్మాకి రెండోది వచ్చింది.

ఆదివారం టీకి థెల్మా మా ఇంటికి వచ్చింది. నేను గెలిచిన కేకుకి జోడీ కేకు ఒకటి చేసి, పైన క్లైవ్ తీగ కాయల గుజ్జు పోసి పెట్టాను. థెల్మా ఒక ముక్క తిని, ఇంకో ముక్క కోసుకుంది.

"అచ్చం అమ్మ చేసినట్టే ఉంది," అంది చివరికి. మా ఆడపడుచు నోట ఆ మాట వినడానికి నేను ఇంకో పదేళ్ళు ఒరిగిన కేకులు చెయ్యమన్నా చేసేదాన్ని. "టిన్నులు నీ దగ్గరే ఉండనీ. ఇంతకీ మీ గర్ గర్ పెట్టె ఏదీ, అమ్మేశారా?"

"నీ వెనకాలే నడుస్తోంది వదినా," అని ఇల్లు ఒరగడం, జాకీ పెట్టి దించడం చెప్పాను.

ఆవిడ వెనక్కి తిరిగి, చెవి పెట్టి విని, నమ్మలేనట్టు నా వైపు చూసింది. తర్వాత సంచిలోంచి తన చీటీ తీసి బల్ల మీద పెట్టింది. "నాకేం అర్థం కావట్లేదు నోరీన్. ఇది చూడు." దాని మీద ఇలా ఉంది: చక్కని కేకు, కొద్దిగా ఒక పక్కకి.

"నాది కాంక్రీటు నేల, ఇటుకల ఇల్లు. పిండి అదే, ఓవెన్ అదే. ఈ మధ్య వాషింగ్ మెషీన్ కూడా ఒకటే ఎగరడం," అంది. చీటీని అటూ ఇటూ తిప్పి మళ్ళీ చదువుకుంది. ఆ చదవడం నాకు బాగా తెలిసినదే.

"మా నేల ఉబ్బింది తడికి. నీ వంటింటి గోడ వెనక ఏం పెంచుతున్నావ్ వదినా?"

"ఏముంది? పాషన్ ఫ్రూట్. ఇదిగో, మా తమ్ముడే కదా అంటు తెచ్చి నాటిపోయాడు. వాషింగ్ మెషీన్ నీళ్ళు వదులక్కా, బ్రహ్మాండంగా కాస్తుందన్నాడు."

"క్లైవ్!" అన్నాం ఇద్దరం ఒకేసారి.

క్లైవ్ కేకు పళ్ళెం పట్టుకుని మెల్లగా పెరట్లోకి జారుకున్నాడు. నేను లేచి, బీరువా మీదున్న బీరు అట్టల కట్ట తెచ్చి మా వదిన చేతిలో పెట్టాను.

"మీ తమ్ముడు వచ్చి ఆ నీళ్ళు మళ్ళించేదాకా ఇవి వాడుకో."